రోలుకి తగిలిన దిష్టి

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎండుమిరపకాయని చూసి అది ఏ రకమో చెప్పలేని పిల్ల ఉండేది కాదు. చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే నల్లరేగడి ఊరు మాది. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కళ్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉండేవి. బడి నుంచి వస్తూనే మేము వాటి మధ్య తిరిగేవాళ్లం. తోలు చూసి, విరిచి వాసన చూసి, ఇది ఫలానావాళ్ల చేలోది అని కూడా చెప్పేవాళ్లం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత తెలిసిన ఊళ్లో, ఇంత తెలిసిన మా ఇంట్లో, ఏడు మిరపకాయలతో ఒక మనిషిని పిప్పి చేసేశారు. అందరం చూస్తూనే ఉన్నాం.

ఆ మనిషి మా పిన్ని, మా బాబాయి భార్య. నాన్నా బాబాయీ అప్పటికి ఉమ్మడిగానే ఉన్నారు. నాన్న చేను చూసుకునేవాడు, బాబాయి పేటలో పత్తి మిల్లుకి పనికి పోయేవాడు. మా అమ్మ పొద్దున్నే నాన్నతో పాటు చేలోకి వెళ్లిపోయేది కాబట్టి నన్ను పెంచింది పిన్నే అనుకోవాలి. ఆమెకి పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు. దాని గురించి ఆమె ఎవరి దగ్గరా ఏడవగా నేను చూడలేదు. ఎదుటివాళ్లు ఏడిస్తే మాత్రం చేతిలో పని చేతిలోనే వదిలేసి పోయేది. మా గేదెకి దూడ చచ్చిపోతే, పాలు పితకడం మానేసి దాని గంగడోలు నిమురుతూ కూర్చున్న మనిషి. ఊళ్లో ఏ బిడ్డకి జ్వరం వచ్చినా, ఒకసారి నీ చెయ్యి వెయ్యమ్మా అని ఆమెనే పిలిచేవాళ్లు. పొద్దున్నే నన్ను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసేది. వేస్తూ అద్దంలో నా మొహం చూసి తనలో తను నవ్వుకునేది. నా చిన్నతనంలో నాకు కడుపునిండా దొరికిన సుఖం అదే.

ఇక మా మేనత్త. నాన్నకి అక్క, మా నాన్నమ్మకి ఒక్కతే కూతురు. ఊళ్లోనే రెండు వీధుల అవతలికి ఇచ్చారు. అందగత్తె. మహా మాటకారి. ఆమె నవ్వితే అందరూ నవ్వాల్సిందే, ఆమె ఏడిస్తే అందరూ ఏడవాల్సిందే. మావయ్య మిరపకాయల లారీల వెంట కర్ణాటక దాకా తిరిగేవాడు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇద్దరు మగపిల్లలు, కొత్తగా వేసిన డాబా, కలర్ టీవీ. లోటు అనే మాట లేదు. అయినా ఆ ఇంట్లో రోజుకో కష్టం పుట్టేది, ఆ కష్టం వినడానికి రోజూ మా పిన్ని కావాల్సి వచ్చేది.

పిన్ని కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆమెని అందరికన్నా ముందు దగ్గరికి తీసింది అత్తేనట. పిన్ని తల్లిలేని పిల్ల. నాకు చెల్లెలు లేని లోటు నువ్వు తీర్చావే అని అత్త ఆమెని గుండెలకి హత్తుకుందట, తన పట్టుచీర కట్టించి ఊరంతా తిప్పి చూపించిందట. మూణ్నెల్లు. ఆ మూణ్నెల్ల ముద్దుకి పిన్ని ఆ తర్వాత ఎన్నేళ్లు ఊడిగం చేసిందో లెక్కపెట్టడం నా వల్ల కాదు. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. అత్త మాత్రం మొత్తేది కాదు, ఏడ్చేది. అదే తేడా.

సాయంత్రం అయ్యేసరికి కబురు వచ్చేది. తలనొప్పి అనో, గుండెల్లో దడ అనో, మావయ్య ఫోన్లో కసిరాడనో. పిన్ని పొయ్యి మీద కూర దించేసి పరిగెత్తేది. తోడుగా నన్ను తీసుకెళ్లేది కాబట్టి నేను అన్నీ చూశాను. అత్త మంచం మీద పడుకునేది, పిన్ని కాళ్లు పిసికేది. అత్త చెప్పేది, చెప్పేది, చెప్పేది. ఎప్పుడో చిన్నప్పుడు ఎవరో ఆమెకి పెట్టకుండా తిన్న సున్నుండ దగ్గర్నించి మొదలయ్యేది. రెండు గంటలు అలా అయ్యాక అత్త లేచి మొహం కడుక్కుని, అన్నం పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. మొహం కళకళలాడిపోయేది. పిన్ని ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా బావి గట్టు మీద కూర్చుండిపోయేది. నాన్నమ్మ అన్నం తినవే అంటే, ఆకలి చచ్చిపోయింది అత్తయ్యా, వదిన పడే బాధ తలుచుకుంటే ముద్ద దిగడం లేదు అనేది. బాధపడిన వదిన రెండోసారి పెరుగన్నం కలుపుకోవడం నేను కళ్లారా చూసి వచ్చానాయె.

ఏ రోజైనా పిన్ని వెళ్లలేకపోతే, మర్నాడు అత్త ఆమెతో మాట్లాడేది కాదు. బావి దగ్గర ఎదురైనా మొహం తిప్పుకునేది. నాలుగు రోజులు, వారం. ఏం తప్పు చేశానో చెప్పు వదినా అని పిన్ని వాళ్ల గుమ్మం దగ్గర నిలబడి బతిమాలేది. అత్త పెద్దమనసు చేసుకుని క్షమించేది. ఆ రోజు పిన్ని సంతోషం చూడాలి! ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

దిష్టి సంగతి ఎలా మొదలైందో నాకు సరిగ్గా గుర్తులేదు. అత్తకి ఒంట్లో బాగాలేదంటే దిష్టి తీయడం మామూలే. గుప్పిట్లో కళ్లుప్పు, ఏడు ఎండుమిరపకాయలు తీసుకుని మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. కాయలు కాలి ముక్కుల్లోకి ఘాటుగా కోరు వచ్చి దగ్గు పుడితే దిష్టి లేనట్టు. ఎంత కాలినా దగ్గు రాకపోతే మనిషికి గట్టి దిష్టి తగిలినట్టు. ఒక సాయంత్రం పిన్ని అత్తకి అలా తిప్పి కుంపట్లో వేసింది. పొగ వచ్చింది గానీ ఒక్కరమూ దగ్గలేదు. అత్త కుంపటి వైపు చూసి, ఓరి నాయనో, ఇంత దిష్టా అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. పిన్ని మొహంలోకి చూస్తూ మెల్లగా అంది.

"ఒళ్లో బిడ్డల్లేనివాళ్ల కన్ను మహా చెడ్డదంటారమ్మా. నిన్ననట్లేదులే. నువ్వు నా బంగారానివి. నా పిల్లల్ని చూస్తే ఎవరికి ఎట్టా ఉంటదో అని..."

పిన్ని చేతిలో ఉప్పు ఇంకా కాస్త మిగిలి ఉంది. అది కిందపడింది.

ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు దిష్టి తీయాల్సి వచ్చేది. తీసిన ప్రతిసారీ దిష్టి ఉండేది. మిరపకాయలు అత్తే తన వంటింట్లోంచి ఒక డబ్బాలో తెచ్చి పిన్ని గుప్పిట్లో పోసేది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినవాళ్ల దిష్టి, పోయినవాళ్ల దిష్టి అని అందరూ అనేదే పిన్నీ అనేది. ఒకరోజు అత్త, ఇంట్లోవాళ్ల దిష్టి కూడా అనవే, అదే పెద్దది అంది. ఆ తర్వాత పిన్ని తనంతట తనే ఇంకో మాట కలుపుకుంది. నా దిష్టి అని. నా కళ్ల దిష్టి అని. ఎవరూ ఆమెని అనమనలేదు.

నెల తిరిగేలోపు మా ఇంట్లో పిన్ని మారిపోయింది. ఊళ్లో పిల్లలు పిలిస్తే తల వంచుకుని వెళ్లిపోయేది. ఎవరి ఇంట్లోనైనా ఉయ్యాల వేస్తే ఆ వీధిలోకే పోయేది కాదు. నాకు అన్నం కలిపి పెట్టేటప్పుడు కంచం కేసి చూస్తూ పెట్టేది. జడ వేసేటప్పుడు అద్దం గోడకి తిప్పి పెట్టింది. ఎందుకు పిన్నీ అంటే, అద్దం పగిలింది అంది. పగల్లేదు, నేను చూశాను. నా మొహం చూడటం ఆమెకి ఇష్టం పోయిందనుకున్నాను. నేనేదో తప్పు చేశాననుకుని రాత్రిళ్లు దుప్పట్లో దూరి ఏడ్చేదాన్ని. పన్నెండేళ్ల పిల్లకి ఇంకేం అర్థమవుతుంది?

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి, దాచుకుంటే పాపం. ఒకసారి దిష్టి తీస్తుండగా డబ్బాలోంచి ఒక కాయ జారి నా కాళ్ల దగ్గర పడింది. తీసి చూశాను. రక్తంలా ఎర్రగా ఉంది, తోలంతా ముడతలు. మా చేలల్లో పండేది కాదది. మావయ్య కర్ణాటక నుంచి తెచ్చే బ్యాడిగ కాయ. కూరకి రంగు కోసం వేసుకుంటారు. నాలిక మీద పెట్టుకున్నా చురుక్కుమనదు, ఇక నిప్పులో వేస్తే దగ్గు ఎక్కడ్నుంచి వస్తుంది? ఇది ముడతకాయ కదత్తా అన్నాను. పిన్ని అప్పుడు పెరట్లో నిప్పులు తీస్తోంది. అత్త నన్ను దగ్గరికి లాక్కుని బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. నువ్వు అచ్చం నా పోలికే, అంత తెలివి మా ఇంట్లో ఎవరికీ రాలేదు, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి, మీ పిన్నికి చెబితే పాపం బాధపడుద్ది అంది. తర్వాత సంతలో కొన్న రిబ్బన్లు రెండు ఇచ్చింది. నేను నోరు మూసుకున్నాను. రిబ్బన్ల కోసం కాదు. అంతటి అందగత్తె నన్ను తన పోలిక అంది, అందుకు. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు.

ఆ చైత్రంలో పిన్ని చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. చీమకుర్తి దగ్గర ఊరు వాళ్లది, చెల్లెలి భర్త రాళ్ల కోత మిల్లులో పనిచేసేవాడు. బారసాలకి రమ్మని ఉత్తరం వచ్చింది. తల్లి లేకపోవడంతో ఆ చెల్లెల్ని ఎత్తుకుని పెంచింది పిన్నే, పెద్దదిక్కుగా ఆమె వెళ్లి తీరాలి. పిన్ని వెళ్లనంది. పసిగుడ్డు ముందుకి నేను రాకూడదు అంది. నాన్నమ్మ పది రోజులు పోరింది. తిట్టింది, బతిమాలింది, చివరికి ఒట్టు పెట్టుకుంది. నాన్నమ్మ పిన్నికి అత్తగారే గానీ ఆమె పిన్నిని వెనకేసుకొచ్చినంతగా నన్ను మా అమ్మ కూడా వెనకేసుకురాలేదు. బారసాల ముందురోజు సాయంత్రం నాలుగింటి బస్సుకి పోవాలని తేలింది. పిన్ని ముతక సంచిలో ఒక చీర, పాపకి తను కుట్టిన మెత్తటి గుడ్డలు పెట్టుకుంది. ఆ గుడ్డలు ఎప్పుడు కుట్టిందో మాకెవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త వెలుగు చూశాను.

మూడు గంటలకి అత్త ఇంటి నుంచి కబురు. కళ్లు తిరిగి పడిపోయింది, అర్జంటుగా రమ్మంటోంది.

పిన్ని సంచి విప్పేసింది. విప్పి, పాప గుడ్డలు తీసి పెట్టెలో అడుగున పెట్టేసి వెళ్లిపోయింది. నేను అరుగు మీద నాన్నమ్మ పక్కన కూర్చుని ఏడుపు ఆపుకోలేకపోయాను. ముడతకాయ సంగతి మొత్తం కక్కేశాను. రిబ్బన్ల సంగతి కూడా. నాన్నమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి పెరట్లోకి వెళ్లి, మా కళ్లం మీద ఎండిన కాయలు గుప్పెడు తీసి కొంగున ముడేసుకుంది. కర్ర పట్టుకుని, పదవే అంది.

మేము వెళ్లేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు పోగయ్యారు. అత్త నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని పెరటి వసారాలో మంచం మీద పడుకుని ఉంది. పిన్ని అప్పుడే దిష్టి తిప్పి కుంపట్లో వేసింది. ఎప్పటిలాగే పొగ, ఎప్పటిలాగే దగ్గు లేదు. అత్త కళ్లు తెరవకుండానే, చూశారా అమ్మా, చుక్క కోరు లేదు, ప్రయాణాలు పెట్టుకున్నవాళ్ల కళ్లు నా మీద పడ్డాయి అంది. నలుగురూ పిన్ని వైపు చూశారు. పిన్ని తల ఇంకా కిందికి వంచింది.

నాన్నమ్మ ఏమీ ఎరగనట్టు మంచం పట్టె మీద కూర్చుంది. నిజమేనే, మహా పాడు దిష్టి, ఇల్లంతా పాకి ఉంటుంది, ఆ డబ్బా ఇలా తే అంది. అత్త మురిసిపోయి డబ్బా ఇప్పించింది. నాన్నమ్మ ముందు తనకి దిష్టి తీయమంది. పిన్ని ఆ కాయలే తిప్పి వేసింది. దగ్గు లేదు. అబ్బో, ఈ ముసలి కట్టె మీద కూడా ఎవరో కన్నేశారే అంది నాన్నమ్మ. తర్వాత కొట్టంలో ఉన్న గేదెకి తీయించింది. దగ్గు లేదు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నాన్నమ్మ కర్రతో పెరట్లో మూల చూపించి, ఆ రోలుకి కూడా తియ్యవే అంది. పిన్నికి అయోమయం. పెద్దావిడ మాట కాదనలేక, రాతిరోలు చుట్టూ మూడుసార్లు గుప్పిడి తిప్పి తెచ్చి నిప్పుల్లో వేసింది. ఒక్కరికీ దగ్గు రాలేదు.

"హారి దీని దుంపతెగ! రోలుకి కూడా తగిలిందే! దాని మీద ఏడ్చిందెవరే? ఆ పక్కనున్న రోకలేనా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాన్నమ్మ నవ్వలేదు. కొంగు ముడి విప్పి, ఇవి మా కళ్లం మీదవి, వీటిని ఎవరికీ తిప్పక్కర్లేదు అని గుప్పెడూ నిప్పుల్లో పోసింది. రెండు క్షణాలు పట్టింది. కోరు లేచి అందరం దగ్గు, తుమ్ములు, కళ్లల్లో నీళ్లు. అందరికన్నా ముందు వీధిలోకి పరిగెత్తింది మా అత్త. తడిగుడ్డ ఎటో ఎగిరిపడింది. పడిపోయిన మనిషి పరిగెత్తిందమ్మోయ్ అని ఎవరో అరిచారు. నేను దగ్గుతూనే నవ్వాను. అయిపోయింది, నా పిన్ని నాకొచ్చేసింది అనుకున్నాను. నాలుగింటికి ఇంకా పది నిమిషాలు ఉంది. సంచి సర్దడం ఎంతసేపు? పరిగెత్తితే బస్సు అందుతుంది.

అత్త వీధి మధ్యలో నిలబడి అందరి మొహాలూ చూసింది. నవ్వుతున్నారు. ఆమె జీవితంలో ఆమెని చూసి ఎవరూ నవ్వి ఉండరు. అక్కడే దుమ్ములో కూలబడి గుండెలు బాదుకుంది.

"కన్నతల్లివై నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేస్తావా అమ్మా! మా ఆయన తెచ్చిన కాయలు నేను వేసుకోవటం కూడా తప్పైందా? నాకెవరున్నారు? నేను చస్తేగానీ మీకు తెలిసిరాదు!"

అది నాటకమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయ్యుంటుంది. నవ్వుతున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే మారాయి. పాపం, తల్లే అట్టా చెయ్యొచ్చా అన్నారు ఒకరు. చివరికి చెడ్డదైంది మా నాన్నమ్మ. ఇక పిన్ని. పొగలోంచి దగ్గుకుంటూ బయటికొచ్చిన పిన్ని నేరుగా వెళ్లి దుమ్ములో అత్త పక్కన కూర్చుంది. ఆమె తలని ఒళ్లో పెట్టుకుంది. ఊరుకో వదినా, నేనున్నానుగా, ఎక్కడికీ పోనులే అంది. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టి లాగాను. బస్సు పిన్నీ, బస్సు అన్నాను. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. రోడ్డు మీద నాలుగింటి బస్సు హారన్ వినబడింది. ఆగింది, వెళ్లిపోయింది.

నాన్నమ్మ కర్ర తీసుకుని ఇంటి దారి పట్టింది. సగం దూరం వచ్చాక, ఆయాసంతో ఎవరిదో అరుగు మీద కూర్చుంది. మీ అత్తకి ముందు ముగ్గురు పోయారే నాకు, ఇది బతికింది, అందుకని దాన్ని ఏడవనియ్యకుండా పెంచాను అంది. పిల్ల ఏడిస్తే చాలు, ఎవరో ఒకర్ని తిట్టేదట. కిందపడితే నేలని, గడప తగిలితే గడపని. నీ తప్పు కాదమ్మా, దానిదే తప్పు అనేదట. దాని ఏడుపు అది మోయటం నేర్పలేదే నేను, ఇప్పుడు ఊళ్లో ఎవరో ఒకరు మోయాలి అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని చెప్పింది. ఎవరైనా నీ ముందు ఏడిస్తే జాలిపడు, తప్పులేదు. ఆ ఏడుపు అయిపోయాక వాళ్లు తేలికపడి నువ్వు బరువెక్కితే మాత్రం ఇంకోసారి ఆ గుమ్మం తొక్కకు. నాకు చిన్నప్పుడు ఎవరైనా నేర్పిన పాఠాల్లో మరిచిపోనిది ఇదొక్కటి. ఆ చెప్పినావిడ కన్నకూతురి గురించి చెబుతోంది.

పిన్ని దీపాలు పెట్టే వేళకి వచ్చింది. బావి దగ్గర చేతులు కడుక్కుంటుంటే నేను వెళ్లి నిలబడ్డాను. కోపం ఆగలేదు నాకు. ఆవిడ నిన్ను మోసం చేసింది పిన్నీ, అవి ముడతకాయలు, నీ కళ్లల్లో ఏ దోషమూ లేదు, ఇంకా ఎందుకు వెళ్తావు అని అరిచాను. ఆమె కోప్పడలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, నాకు తెలుసమ్మా అంది.

"పెళ్లికి ముందు ఆరేళ్లు కళ్లాల్లో మిరపకాయలకి ముచ్చికలు తీసిన చేతులే ఇవి. గుప్పిట్లో పడగానే ఏ కాయో తెలియదా నాకు? మొదటి రోజే తెలుసు."

నాలుగు నెలలు నేను దాచిన రహస్యం, నాన్నమ్మ పరువు పోగొట్టుకుని బయటపెట్టిన రహస్యం ఆమెకి మొదటి రోజే తెలుసు. మరి చెప్పవేం అన్నాను. చెబితే ఆవిడ ఏమైపోతుందోనని భయమేసింది అంది. కాయలు అబద్ధమేలే, ఆవిడన్న మాట అబద్ధమని ఎట్టా చెప్పను అంది. నీకు జడ వేసేటప్పుడు అద్దంలో నిన్ను చూసి, ఇది నా కడుపున పుడితే ఎంత బాగుండు అని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలియదు, దిష్టి అంటే ఇంకేంటమ్మా అంది. అంటూ కూడా నా వైపు చూడలేదు. చేంతాడు చుట్టలు చుడుతూ ఉంది.

అత్త ఎంత గురి చూసి కొట్టిందో ఆ రోజు నాకు అర్థం కాలేదు. పెద్దయ్యాక అయింది. పిన్ని మనసులో ఉన్న అతి మంచి కోరికని పట్టుకుని, అదే నీ పాపం అని చెప్పింది. నమ్మకపోవడానికి పిన్ని దగ్గర ఇంకేముంది? నాన్నమ్మ కోరు పెట్టి పొగ పెట్టి నిజాన్ని నలుగురికీ చూపించింది గానీ, నిజం తెలియక కాదు పిన్ని అలా ఉన్నది. అంత తెలివైన నాన్నమ్మకీ ఆ సంగతి తట్టలేదు.

నాన్నమ్మ ఆ తర్వాత రెండేళ్లే బతికింది. పోయే ముందు పిన్ని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది, అత్త మధ్యలో పడి గొల్లుమని ఏడవడంతో ఆ మాట వినబడలేదు. అత్త ఇంటికి పిన్ని ఇంకో ఎనిమిదేళ్లు తిరిగింది. దిష్టి తీయడం మాత్రం ఆగిపోయింది, అవసరం తీరిపోయింది కాబట్టి. పిన్నికి ముప్పై అయిదేళ్లకే జుట్టు నెరిసింది. బాబాయి మంచివాడే. అక్క మీద ఒక్క మాట అనలేని మంచివాడు. అలాంటి మంచితనాన్ని తగలెయ్య. అత్త తర్వాత పిల్లల చదువులని గుంటూరు వెళ్లిపోయింది. వెళ్లాక పిన్నికి ఒక్క ఫోన్ చెయ్యలేదు. అక్కడ కోడలు దొరికింది. ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది, పెళ్లిళ్లలో కనబడితే అందరి మధ్యా కూర్చుని నవ్విస్తుంది. ఆ కోడల్ని చూస్తే ఎక్కడో చూసిన మొహంలా ఉంటుంది.

నాకు కూతురు పుట్టాక, దానికి మూడో నెలలో పుట్టింటికి వెళ్లాను. గుమ్మంలో అడుగుపెట్టి ముందు పాపని పిన్ని ఒళ్లో పెట్టాను. ఆమె రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుంది, తల మాత్రం గోడ వైపు తిప్పేసింది. చూడు పిన్నీ అన్నాను. ముద్దుగా ఉంటుందిలేమ్మా నీ కూతురు, నాకు తెలుసు, బుగ్గన చుక్క పెట్టావా అంది. నేను మొండిదాన్ని. గడ్డం పట్టుకుని ఆమె మొహాన్ని బలవంతంగా పాప వైపు తిప్పాను. పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. కళ్లు మూసుకునే పాప నుదురు, ముక్కు, చెవులు వేళ్లతో తడుముతూ ఉండిపోయింది. మీ నాన్నమ్మ ముక్కు వచ్చిందే దీనికి అంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను పాపని తీసుకోలేదు, అలాగే వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయాను.

ఇప్పుడు నా ముందు ఎవరైనా కూర్చుని, నా బతుకు ఇలా అయిపోవడానికి నువ్వే కారణం అని కళ్లొత్తుకుంటే, నేను చెప్పులేసుకుని బయటికొచ్చేస్తాను. ఒక ఆడపడుచునీ, ఇద్దరు స్నేహితురాళ్లనీ అలాగే వదులుకున్నాను. వాళ్లలో ఒకరి ఏడుపు నిజమేమో కూడా. ఆగి చూసే ధైర్యం నాకు లేదు. ఇంట్లోవాళ్లు నన్ను గుండె లేని మనిషి అంటారు. అననీ. మా పిన్నికి నిండా గుండే ఉండేది, ఏం మిగిలింది ఆమెకి? నా కూతురు పదో తరగతికి వచ్చింది. ప్రతి సెలవులకీ వెళ్లి వారం రోజులు మా పిన్ని చేతి ముద్దలే తింటుంది. మా పిన్ని దాని మొహం ఇంతవరకూ ఒక్కసారి కూడా చూడలేదు.